ఉరుస్తున్న ఇళ్లు - నీళ్లపాలవుతున్న డబ్బు

నీటి దారి కనిపెట్టకుండానే మరమ్మతులు - ఏటేటా అదే ఖర్చు, అదే బూజు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. గుమ్మడిదల పరిసర గ్రామాలలో ఇల్లు కట్టి చూసినవారు ఆ సామెతకు మరో ముక్క చేర్చుకోవలసి వస్తున్నది: కట్టిన ఇంటిని ఉరవకుండా కాపాడి చూడు అని.

గట్టి వాన వెలిసిన మరునాడు గుమ్మడిదల, బొంతపల్లి, దోమడుగు, అన్నారం, నల్లవల్లి, కానుకుంట - ఈ ఊళ్లలో ఏ వీధిలో నడిచినా డాబాల మీద మనుషులు కనిపిస్తారు. ఒకరు పిట్టగోడ పక్కన సిమెంటు పాలు పోస్తుంటారు. ఒకరు పగుళ్లకు తారు పూస్తుంటారు. మరొకరు ప్లాస్టిక్ కవరు పరిచి ఎగిరిపోకుండా ఇటుకలు పెడుతుంటారు. కింద గదిలో కప్పుకు పసుపు మరకలు, మూలల్లో నల్లటి బూజు, మంచం పక్కన నీళ్లు పట్టే గిన్నె. మరుసటి ఏడు వాన పడగానే మళ్లీ అదే పని, అదే ఖర్చు.

ఇంత ఖర్చు పెట్టినా ఇల్లు ఎందుకు ఉరుస్తున్నది? నాసిరకం సిమెంటు అని కొందరు, మేస్త్రీ మోసం అని కొందరు, కలికాలపు వానలు అని కొందరు అంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. అయితే అన్నిటికీ ముందున్న కారణం ఒకటున్నది. నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో కనిపెట్టకుండానే మందు పూస్తున్నారు. మరక కనిపించినచోట నీరు పుట్టదు. అది ఎక్కడో ఒకచోట దూరి, పగులు వెంట, ఇనుప చువ్వ వెంట నడిచి, పల్లం దొరికినచోట బయటపడుతుంది. ఈ దారి తెలియకుండా ఖర్చు చేసిన ప్రతి రూపాయి నీళ్లపాలే.

గూన నుంచి స్లాబు దాకా

రెండు తరాల కిందట ఈ ప్రాంతంలో చాలా ఇళ్లకు మట్టి గోడలు, పైన గూన పెంకులు. కొన్నిటికి బెంగుళూరు పెంకులు, కలిగినవారికి డంగు సున్నంతో కట్టిన మిద్దెలు. గూన ఇల్లు ఉరవదని ఎవరూ అనుకోలేదు. ఉరుస్తుందని తెలుసు కనుకనే ఏటా మృగశిర కార్తెకు ముందు కప్పు మీదికి మనిషిని ఎక్కించి, పగిలిన గూన తీసి, కొత్తది పెట్టి, వరుస సర్దించేవారు. ఆ పని చేసే మనిషి ఊరివాడే. వాన వచ్చి ఇల్లు ఉరిస్తే మరునాడు వాకిట్లో నిలబెట్టి అడగవచ్చు. అందుకని అతడు జాగ్రత్తగా చేసేవాడు.

స్లాబు వచ్చాక ఈ అలవాటు పోయింది. సిమెంటు ఇల్లు అంటే నూరేళ్ల ఇల్లు అనే నమ్మకం ఏర్పడింది. ఎండకు వ్యాకోచించి, చలికి సంకోచించి స్లాబు సన్నగా పగులుతుంది. పిట్టగోడ, స్లాబు కలిసే చోట సందు పడుతుంది. పక్షులు వేసిన గింజ నుంచి రావి మొక్క మొలిచి వేరు దించుతుంది. వాన నీరు పోయే గొట్టంలో ఆకులు అడ్డుపడి నీరు నిలుస్తుంది. వీటిలో ఏదీ పెద్ద విషయం కాదు. సకాలంలో చూస్తే ఒక పూట పని. ఎవరూ పైకి ఎక్కి చూడరు కనుక అవే పెద్దవవుతున్నాయి.

నీటి లెక్క చూస్తే విషయం తెలుస్తుంది. 100 గజాల కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే ఎనిమిది వందల లీటర్లకు పైగా నీరు దిగుతుంది. 10 సెంటీమీటర్లు పడితే ఎనిమిది వేల లీటర్లు దాటుతుంది. 2020 అక్టోబరులో హైదరాబాదును, చుట్టుపక్కల ప్రాంతాలను ముంచిన వాన, 2025 ఆగస్టు చివరి వారంలో మెదక్, కామారెడ్డి జిల్లాలను అతలాకుతలం చేసిన వాన అటువంటివే. అంత నీటికి వాలు, దారి లేకపోతే అది తన దారి తాను చూసుకొంటుంది.

కట్టేటప్పుడు చేసిన తొందర కూడా తరువాత బయటపడుతుంది. స్లాబు పోసిన తరువాత కనీసం 7 రోజులు, ఎండాకాలమైతే, లేదా బూడిద కలిపిన సిమెంటైతే కనీసం 10 రోజులు తడి ఆరకుండా నీళ్లు పట్టాలని భారత ప్రమాణాల సంస్థ నిబంధన. 14 రోజులు పడితే మరీ మంచిది. నీటి ట్యాంకరు కొనవలసి వచ్చినచోట నాలుగో రోజుకే ఈ పని ఆగిపోతున్నది. ఆ రోజు మిగిలిన ట్యాంకరు ఖర్చు తరువాత పదింతలై తిరిగి వస్తుంది.

నాలుగు దారులు - నాలుగు పరీక్షలు

ఇంట్లోకి చెమ్మ వచ్చే దారులు ముఖ్యంగా నాలుగు. వీటిని కనిపెట్టడానికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. ఇంటివారే చేసుకోదగిన పరీక్షలున్నాయి.

మొదటిది కప్పు, గోడల గుండా వచ్చే వాన నీరు. వాన పడినప్పుడే తడిసి, ఎండ కాస్తే ఆరిపోయే మరక ఇటువంటిది. వాన లేని రోజుల్లో డాబా మీద అనుమానమున్న చోట మట్టితో చిన్న గట్టు కట్టి, ఒక అంగుళం నీరు నిలిపి, ఒక రోజంతా ఉంచి కింద చూడాలి. ఒక చోట పరీక్ష అయ్యాక మరో చోట చేయాలి. మొత్తం కప్పు మీద ఒకేసారి నీరు నిలపడం మంచిది కాదు. 100 గజాల కప్పు మీద రెండు అంగుళాల నీరు నాలుగు టన్నులకు పైగా బరువు. చువ్వలు తేలిన పాత స్లాబుకు ఈ పరీక్ష అసలు చేయరాదు.

రెండవది గొట్టాల కారుడు. వాన ఉన్నా లేకున్నా మరక తడిగానే ఉంటే నల్లా గొట్టాన్ని అనుమానించాలి. రాత్రి పడుకొనే ముందు ట్యాంకీ నింపి, నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టి, అన్ని నల్లాలూ కట్టేయాలి. తెల్లవారేసరికి మట్టం దిగితే ఎక్కడో కారుతున్నట్టే. మరో రాత్రి ట్యాంకీ కింది వాల్వు కూడా కట్టేసి చూడాలి. అప్పుడూ దిగితే లోపం ట్యాంకీది, దిగకపోతే గొట్టాలది. చిన్న కారుడే కదా అని వదిలేయడానికి లేదు. సెకనుకొక చుక్క చొప్పున కారే నల్లా నుంచి రోజుకు 86,400 చుక్కలు. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకొన్నా రోజుకు నాలుగు లీటర్లకు పైగా, నెలకు సుమారు 130 లీటర్లు. ఆ నీరు గోడలోకి పోతే గోడ గతి ఏమిటో ఊహించవచ్చు.

మూడవది స్నానాల గది నేల. పై అంతస్తు స్నానాల గది కింది ఇంటివారికి కప్పు. పల్లెల్లోనూ రెండంతస్తుల ఇళ్లు పెరిగాయి. ఇదే జిల్లాలోని కొల్లూరులో 2023 జూన్ 22న ప్రారంభమైన డబుల్ బెడ్‌రూం కాలనీలోనే 15,660 ఇళ్లు ఒకదాని మీద ఒకటిగా ఉన్నాయి. ఇటువంటి చోట ఒక ఇంటి కారుడు మరో ఇంటి తగాదా అవుతుంది. నీళ్లు పోయే రంధ్రానికి గుడ్డ కట్టి, నేల మీద కొద్దిగా రంగు కలిపిన నీరు నిలిపి, ఒక రోజు తరువాత కింద చూస్తే ఎవరి మాట నిజమో తేలిపోతుంది. తగాదాకు ముందే ఈ పరీక్ష చేసుకొంటే ఇరుగుపొరుగు మాటలు నిలబడతాయి.

నాలుగవది నేల చెమ్మ. గోడ అడుగున రెండు మూడు అడుగుల ఎత్తు వరకు సున్నం రాలిపోయి, తెల్లటి ఉప్పు పొడి కనిపిస్తే నీరు భూమి నుంచి పైకి పాకుతున్నదని అర్థం. పునాది మీద చెమ్మ ఆపే పొర వేయకపోవడం, ఉప్పు నీటితో కట్టడం దీనికి కారణాలు. వీధుల్లో పాత సిమెంటు రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్త రోడ్డు పోయడం మరో కారణం. ఇలా పోయగా పోయగా వీధి ఎత్తు పెరిగి, పాత ఇళ్ల నేలలు పల్లంలో పడుతున్నాయి. మోరీ నీరు గోడను తడుపుతున్నది. ఈ లోపం ఇంటివారిది కాదు. రోడ్డు వేసేవారు ఆలోచించవలసినది. ఇటువంటి గోడకు సిమెంటు పూత పూస్తే చెమ్మ ఆగదు. బయటికి ఆరే దారి మూసుకుపోయి మరో రెండు అడుగులు పైకి ఎక్కుతుంది. గోడ పక్క మట్టి తగ్గించి, నీరు దూరంగా పోయే వాలు చేసి, సున్నపు పూత పూయడం మేలు.

వీటికి తోడు బయటి నుంచి ఏ నీరూ రాకుండానే పట్టే బూజు ఒకటున్నది. గాలి ఆడని చిన్న గదిలో వంట చేసి, అందులోనే బట్టలు ఆరవేసి, కిటికీ మూసి పడుకొంటే గాలిలోని ఆవిరి చల్లటి గోడను తాకి నీరవుతుంది. బీరువా వెనుక, గది మూలల్లో చలికాలంలో కనిపించే బూజు ఎక్కువగా ఇదే. చెమ్మగా ఉన్నచోట జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి, రెండు రోజులు ఉంచి చూడాలి. కాగితం వెనుక, అంటే గోడ వైపు తడి చేరితే నీరు గోడలో ఉన్నది. ముందు, అంటే గది వైపు తడి చేరితే నీరు గదిలోని గాలిది. రెండవదానికి వేల రూపాయల రసాయనాలు అనవసరం. కిటికీ తెరిస్తే చాలు.

బూజు భయం - రెండు వాసనలు

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు మరొకటున్నది. పటాన్‌చెరు - బొల్లారం ప్రాంతాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లోనే దేశంలోని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. గడ్డపోతారం, బొంతపల్లి వైపు ఫ్యాక్టరీల దగ్గరి ఊళ్లవారికి ఘాటు వాసన కొత్త కాదు. అందువలన ఇంట్లో పిల్లలు దగ్గినా, రాత్రి ఊపిరి ఆడకపోయినా వెంటనే ఫ్యాక్టరీ గాలి మీదికి పోతుంది మనసు. చాలాసార్లు ఆ అనుమానం సబబే కావచ్చు. కాని అదే ఇంట్లో పిల్లల మంచం తలాపున గోడంతా నల్లగా బూజు పట్టి ఉంటే, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

రెంటినీ వేరుచేసి చూడవచ్చు. ఫ్యాక్టరీ వాసన గాలి వాటాన్ని బట్టి వస్తుంది, పోతుంది. ఊరంతటికీ ఒకేసారి తెలుస్తుంది. బూజు వాసన ఒక్క గదిలో, తలుపు మూసి తెరిచినప్పుడు తడి మట్టి వాసనలా కొడుతుంది. ఆ గదిలో పడుకొన్నవారికే దగ్గు ఎక్కువై, వేరే ఊరు వెళితే తగ్గుతుంటే గోడను అనుమానించాలి. మొదటిదానికి కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయాలి. రెండవదానికి మందు ఇంట్లోనే ఉన్నది. ఒకదాని పేరు చెప్పి రెండవదాన్ని వదిలేస్తే నష్టపోయేది పిల్లలే.

బూజు ఎంత ప్రమాదం? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెమ్మ, బూజుల మీదనే ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించింది. చెమ్మ ఉన్న ఇళ్లలో ఉండేవారికి ఆయాసం, దగ్గు, ఊపిరి సంబంధమైన బాధలు ఎక్కువని చెప్పింది. అయితే ఇంత బూజు ఉంటే ప్రమాదం, ఇంతకు లోపలైతే క్షేమం అనే కొలత ఏదీ నిర్ణయించలేదు. చెమ్మ లేకుండా చూసుకోవడమే మార్గమన్నది. కనుక బూజు ఏ రకమో పరీక్ష చేయిస్తామని డబ్బు అడిగేవారి మాట వినవలసిన అవసరం సామాన్య కుటుంబానికి లేదు. రకం ఏదైనా చేయవలసిన పని ఒకటే.

2021లో కరోనా రెండో విడత సమయంలో బ్లాక్ ఫంగస్ రోగులతో హైదరాబాదు కోఠి చెవి ముక్కు గొంతు ఆసుపత్రి నిండిపోయిన సంగతి ప్రజలు మరచిపోలేదు. గోడ మీద నల్లటి మచ్చ చూడగానే ఆ పేరు గుర్తుకు వస్తున్నది. ఈ భయాన్ని సొమ్ము చేసుకొనేవారూ ఉన్నారు. ఆ జబ్బు ముఖ్యంగా అదుపులేని మధుమేహం ఉండి, స్టెరాయిడ్ మందులు వాడినవారికి వచ్చింది. అందులో నలుపు అనేది చచ్చిపోయిన కండరానిది తప్ప ఆ శిలీంధ్రపు రంగు కాదు. గోడ మీది నల్ల బూజుకూ దానికీ పేరులోనే పోలిక. అలాగని గోడ బూజును వదిలేయాలని కాదు. ఉబ్బసం ఉన్నవారు, పసిపిల్లలు, ముసలివారు ఆ గదిలో పడుకోరాదు. ఆయాసం ఎక్కువైతే డాక్టరుకు చూపించాలి.

కొద్ది మేర పట్టిన బూజును ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకొని సబ్బు నీటితో రుద్ది కడిగి, బాగా ఆరనివ్వాలి. పొడిగా ఉన్న బూజును చీపురుతో దులిపితే గాలిలో కలిసి ఇల్లంతా చేరుతుంది. బ్లీచింగు పొడిని మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో ఎట్టి పరిస్థితిలోనూ కలపరాదు. విషవాయువు పుడుతుంది. చెమ్మ ఆపకుండా బూజు మీద రంగు వేస్తే రెండు నెలల్లో రంగు పొక్కి, మళ్లీ బూజే పైకి వస్తుంది.

మరమ్మతుల వ్యాపారం తీరు

కరెంటు స్తంభాలకు కట్టిన బోర్డుల మీద, ఫోనులో వెతికితే దొరికే నంబర్లలో ఒకటే మాట: లీకేజీకి శాశ్వత పరిష్కారం, పదేళ్ల గ్యారంటీ. ఫోను చేసిన గంటలో మనిషి వస్తాడు. కింద నుంచే మరక చూసి, డాబా పైకి ఒక్కసారి ఎక్కి దిగి, గజానికి ఇంత అని చెబుతాడు. నీరు ఏ దారిన వస్తున్నదో పరీక్ష చేయడు. సామాను కోసమని సగం సొమ్ము ముందే తీసుకొంటాడు. తెల్లటి రంగు లాంటిది రెండు పూతలు పూసి వెళ్లిపోతాడు. పిట్టగోడ సందు, గొట్టం మొదలు, స్నానాల గది నేల అలాగే ఉంటాయి. వాన వచ్చి ఇల్లు ఉరిస్తే ఆ నంబరు పలకదు. పలికితే, మాది కప్పు గ్యారంటీ, గోడది కాదు అంటాడు.

దీనికి కారణాలు లోతుగా ఉన్నాయి. ఇల్లు ఉరవకుండా చేస్తానని బోర్డు పెట్టుకోవడానికి ఏ పరీక్షా పాస్ కానక్కరలేదు. పనితనం గల సుతారి మేస్త్రీలు నగరంలో కొత్త కట్టడాలకు పోతున్నారు. అక్కడ పని పెద్దది, కూలి ఖాయం. చిన్న మరమ్మతుకు వచ్చేవారిలో ఆ పని నేర్చినవారు తక్కువ. వచ్చినవారు ఊరివారు కాదు కనుక మరునాడు ముఖం చూడవలసిన మొహమాటం లేదు. గూన సర్దిన మనిషికి ఉన్న జవాబుదారీ ఇతడికి లేదు. చట్టాలు రాకముందు నాసిరకం పనిని అదుపు చేసింది ఆ జవాబుదారీయే.

తప్పు ఒకవైపే ఉన్నదనడానికీ వీలులేదు. నీటి దారి కనిపెట్టాలంటే రెండు రోజులు పరీక్ష చేయాలని, నేల పగలగొట్టాలని చెప్పే మంచి మేస్త్రీని ఇంటివారే పంపించివేస్తున్నారు. తక్కువ చెప్పినవాడికి పని ఇస్తున్నారు. పరీక్షకు కూలి ఇవ్వమంటే చూసినందుకు కూడా డబ్బా అంటున్నారు. పని పూర్తయ్యాక బేరం మొదలుపెట్టేవారూ లేకపోలేదు. డాక్టరు చూసినందుకు ఫీజు ఇస్తున్నప్పుడు, ఇంటి రోగం కనిపెట్టిన పనివాడికి కూలి ఇవ్వడంలో తప్పేమున్నది? పరీక్షకు విడిగా కూలి ఇస్తే, అవసరం లేని పని అంటగట్టవలసిన అగత్యం అతడికి తగ్గుతుంది.

కిరాయి గదుల కష్టం

ఫ్యాక్టరీల వలన ఈ ఊళ్లలో కిరాయి గదులు వరుసలుగా లేచాయి. బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కార్మికులు, మన జిల్లాల కూలీలు ఒక్కో గదిలో పలువురు ఉంటున్నారు. పైన సిమెంటు రేకులు, ఒక్కటే కిటికీ, లోపలే వంట. బూజు పట్టడానికి ఇంతకన్న అనువైన చోటు ఉండదు. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకొనే కార్మికుడు కిటికీ తెరవడు. నాలుగు నెలల్లో పోయేవాళ్లమని ఫిర్యాదు చేయడు. అడిగేవారు లేరని యజమాని పట్టించుకోడు.

రేకుల కప్పు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. ఉరుస్తున్నదని పొడి రేకును కోయడం, రుద్దడం, రంధ్రాలు చేయడం వలన ఆ నార గాలిలో లేస్తుంది. అది ఊపిరితిత్తులకు హానికరం. పని తప్పనిసరైతే తడిపి చేయాలి. పగిలిన ముక్కలను పిల్లలు ఆడే చోట పారవేయరాదు.

సాధారణ కిరాయి ఒప్పందాలకు వర్తించే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షను ప్రకారం, యజమాని చేయవలసి ఉన్న మరమ్మతును నోటీసు ఇచ్చినా తగిన సమయంలో చేయకపోతే, కిరాయిదారు తానే చేయించుకొని ఆ ఖర్చు కిరాయిలో తగ్గించుకోవచ్చు. ఏ మరమ్మతు ఎవరిదో ముందే కాగితం మీద రాసుకొంటేనే ఈ హక్కు పనికి వస్తుంది. 2021 జూన్‌లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కట్టడపు మరమ్మతులు, నీటి గొట్టాలు యజమాని బాధ్యత అని, నల్లా వాషర్ల వంటి చిన్న పనులు కిరాయిదారు బాధ్యత అని విభజించింది. అది రాష్ట్రాలు చట్టం చేసుకోవడానికి ఇచ్చిన నమూనా మాత్రమే.

పరాయి దేశంలో ఏమి జరిగిందో చూడదగినది. ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో బూజు పట్టిన కిరాయి ఇంట్లో ఉన్న రెండేళ్ల బాలుడు అవాబ్ ఇషాక్ 2020 డిసెంబరులో ఊపిరి జబ్బుతో మరణించాడు. తండ్రి పలుమార్లు ఫిర్యాదు చేసినా ఇంటి సంస్థ బూజును సరిచేయలేదని, ఆ బూజే మరణానికి కారణమని 2022 నవంబరులో విచారణ తేల్చింది. 2023లో ఆ బాలుడి పేరు మీద చట్టం వచ్చింది. 2025 అక్టోబరు 27 నుంచి అక్కడ ప్రజా గృహ సంస్థలు అత్యవసర ప్రమాదమైతే 24 గంటల్లో చర్య తీసుకోవాలి. తీవ్రమైన చెమ్మ, బూజు ఫిర్యాదును పది పనిదినాల లోపల పరిశీలించాలి. ఒక పసివాడి ప్రాణం పోయాక గాని అంత సంపన్న దేశానికీ బూజు చిన్న విషయం కాదని తెలియలేదు.

చట్టం చేతిలో ఉన్నది - కాగితం ఉంటేనే

పని చెడగొట్టినవాడిని అడగడానికి మార్గం లేదనుకోవడం పొరపాటు. ఇళ్ల నిర్మాణం కూడా వినియోగదారుల చట్టం కిందికి వచ్చే సేవేనని సుప్రీంకోర్టు 1993లో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో చెప్పింది. 2020 జూలై నుంచి అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. గుమ్మడిదలవారు సంగారెడ్డిలోని జిల్లా కమిషన్‌కు పోవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్ల లోపల వేయాలి. 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులో సలహా అడగవచ్చు. ముందుగా డబ్బు ఫోను ద్వారా పంపించుకొని మాయమైతే ఆలస్యం చేయకుండా 1930కి చెప్పాలి.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. రోజు కూలికి మనిషిని పిలిచి, ఇంటి యజమానే దగ్గరుండి చేయించుకొంటే అది వ్యక్తిగత సేవ కిందికి పోయి, కేసు నిలవకపోవచ్చు. ఇంత సొమ్ముకు ఇంత పని అని గుత్తకు ఒప్పుకొన్నవాడి మీద నిలుస్తుంది. ఏది నిలవాలన్నా రుజువు ఉండాలి. నోటి మాట, పలకని ఫోను నంబరు రుజువు కాదు.

చేయవలసినది

అన్నిటికన్న ముందు ప్రాణ భయం ఉన్నచోట పొదుపు చూడరాదు. కప్పు పెచ్చులూడి చువ్వలు తేలితే, లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి సిమెంటును పగలగొడుతున్నదని అర్థం. పైపూత దానికి మందు కాదు. ఇంజనీరుకు చూపించాలి, అంతవరకు దాని కింద పడుకోరాదు. నానిన మట్టి గోడ పక్కన వానాకాలంలో రాత్రి గడపరాదు. తడిసిన గోడలో కరెంటు తీగ ఉంటే మెయిను కట్టేసి, పనివాడిని పిలవాలి.

మిగిలినచోట నాలుగు నియమాలు పాటిస్తే చాలు. మొదట పరీక్ష, తరువాతనే బేరం. పనివాడి పేరు, ఊరు, ఏ చోట ఏ సామానుతో ఏమి చేస్తాడు, ఎన్నాళ్ల పూచీ అనేవి తెల్ల కాగితం మీద రాయించి సంతకం తీసుకోవాలి. పనికి ముందు, తరువాత ఫోటోలు తీసి ఉంచాలి. మొత్తం సొమ్ములో కనీసం నాలుగో వంతు మొదటి గట్టి వాన కురిసి, కప్పు నిలిచిన తరువాతనే ఇచ్చే ఒప్పందం చేసుకోవాలి. పనిమీద నమ్మకం ఉన్నవాడు దీనికి అభ్యంతరం చెప్పడు. వాన దాకా ఆగలేనంటే ఒక రోజు నీరు నిలిపి చూపించమనవచ్చు.

పంచాయతీలు, జిల్లాలో కొత్తగా ఏర్పడిన మునిసిపాలిటీలు కూడా చేయగలిగిన పని ఉన్నది. నైపుణ్యం ఉన్న మేస్త్రీలు, ప్లంబర్ల పేర్లు, ఊళ్లు కార్యాలయం గోడ మీద రాసి ఉంచవచ్చు. వచ్చిన ఫిర్యాదులను అక్కడే నమోదు చేయవచ్చు. నిర్మాణ పనులలో శిక్షణ ఇచ్చే జాతీయ నిర్మాణ అకాడమీ 1998 నుంచి హైదరాబాదులోనే ఉన్నది. ఊరికి ఇద్దరు యువకులను అటువంటి చోట మరమ్మతు పని నేర్పించి తీసుకువస్తే వారికి బతుకుతెరువు, ఊరికి నమ్మకమైన మనిషి. ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద 5 లక్షల సాయంతో కొత్త ఇళ్లు లేస్తున్న ఈ సమయంలో స్లాబు వాలు, నీళ్లు పట్టే రోజులు, పునాది మీద చెమ్మ పొర - ఈ మూడింటినీ అధికారులు బిల్లు రాసే ముందే చూడవలసిన అవసరం ఎంతైనా ఉన్నది. కట్టేటప్పుడు చూడనిది కట్టాక సరిచేయడం కష్టం.

గూన పెంకుల కాలం తిరిగి రాదు, రానక్కరలేదు. ఆనాటి అలవాటు మాత్రం తిరిగి తెచ్చుకోవచ్చు. ఏటా మృగశిరకు ముందు ఒక్క పూట డాబా ఎక్కి, గొట్టాల్లో ఆకులు తీసి, మొక్క మొలిస్తే పీకి, పిట్టగోడ సందు చూసి, ట్యాంకీ పరీక్ష చేసుకొన్న ఇంటివారికి బోర్డు మీది నంబరుకు ఫోను చేయవలసిన పని చాలావరకు తప్పుతుంది. చేయవలసి వచ్చినా, వచ్చిన మనిషిని ఏమి అడగాలో తెలుస్తుంది.